నాన్న గుట్ట మీద రుగ్డాలు

మా ఇంట్లో తగువు ఎక్కడ మొదలైనా చివరికి ఆ గుట్ట దగ్గరికే వచ్చి ఆగేది. కూరలో ఉప్పెక్కువైందని నాన్న కంచం పక్కకి నెట్టినా, పండక్కి చీర ఏదని అమ్మ అడిగినా, కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చానని ఇద్దరూ కలిసి నా మీద పడ్డా సరే, కాసేపటికి అమ్మ నడుం మీద చెయ్యేసుకునేది. "నా అడివి మీద నిప్పు పోసీసినోడివి, నువ్వేటి నాకు సెప్పేది మావా?" అనేది. అంతే, నాన్న బీడీకట్ట తీసుకుని వాకిట్లోకి పోయి కూర్చునేవాడు. నాకు మాత్రం ఇద్దరి మీదా ఒళ్ళు మండేది. ఒకసారైనా ఎదురు చెప్పొచ్చు కదా ఆయన! ఒకసారైనా ఊరుకోవచ్చు కదా ఈవిడ!

మావా అనడం ఎందుకంటే, నాన్న అమ్మకి స్వయానా మేనమామ. శ్రీకాకుళం జిల్లాలో కొండలవార పల్లె వాళ్ళది. పెళ్ళి చేసుకుని జంషెడ్‌పూర్ తీసుకొచ్చి, బర్మామైన్స్ అనే పేటలో ఒంటిగది ఇంట్లో దింపేశాడు. ముందు రోడ్డు, వెనకాల రైలు పట్టాలు, నాలుగు వైపులా పొగ. వీధిలో అందరూ హిందీలో మాట్లాడుకుంటుంటే అమ్మ తలుపు చాటున నిలబడి వినేదట. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదట. కొళాయి దగ్గర ఎవరైనా ఏదైనా అడిగితే బిందె వదిలేసి ఇంట్లోకి పరిగెత్తేదట. "పిచ్చిదాన్ననుకున్నారు అందరూ" అని తర్వాత తనే చెప్పి నవ్వేది. ఆ నవ్వులో నాకెప్పుడూ సరదా కనపడలేదు.

పట్టాలు దాటితే అప్పట్లో ఒక అడివి ఉండేది. మరీ పెద్దదేం కాదు. సాల్ చెట్లు, అంటే మన గుగ్గిలం చెట్లు. వాటి మధ్య ఇప్ప, మోదుగ, తునికి. వాటన్నిటి మీదికీ పాకిన అడ్డాకు తీగ. ఒకరోజు పుల్లల కోసం ఎవరి వెనకో వెళ్ళిన అమ్మ ఆ ఆకు చూసి అక్కడే కూలబడి ఏడ్చిందట. వాళ్ళ ఊరి ఆకే! చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన కూర్చుని విస్తళ్ళు కుట్టిన ఆకే! ఆ రోజు నుంచి అమ్మకి ఈ ఊళ్ళో పుట్టిల్లు దొరికినట్టయింది. నాన్న డ్యూటీకి వెళ్ళగానే తనూ బయలుదేరేది. పుల్లలు ఏరేది, ఆకు కోసేది, కాసేపు ఊరికే కూర్చునేది. అక్కడ ఎవరూ హిందీలో పలకరించరు కదా మరి.

వానాకాలంలో అక్కడ రుగ్డాలు దొరికేవి. తొలకరి ఉరుములకి సాల్ చెట్ల కింద నేల పగిలి, గోలీకాయలంత తెల్లటి ఉండలు పైకి తేలతాయి. పుట్టగొడుగు జాతే కానీ గొడుగూ ఉండదు, కాడా ఉండదు. మట్టి కడిగి మసాలా దట్టించి వండితే, తిన్నవాళ్ళు మాంసమే అంటారు. శ్రావణమాసంలో మాంసం మానేసే అలవాటు తర్వాత మా వీధిలో చేరిన తెలుగువాళ్ళకి ఇక్కడి ఇరుగుపొరుగుని చూసే పట్టుకుంది. మానినవాళ్ళ బెంగంతా రుగ్డాతో తీరేది. అమ్మ కొంగు నిండా ఏరుకొచ్చేదట. చేత్తో మట్టి గీకగానే తెలిసిపోయేదట ఎక్కడున్నాయో. వాసన చెబుతుంది అనేది.

నాన్న పని ఉక్కు ఫ్యాక్టరీలో స్లాగ్ బండి మీద. కొలిమిలో ఇనుము కరిగేటప్పుడు పైన తేలే చిట్టెం ఉంటుంది కదా, దాన్నే అందరూ స్లాగ్ అనేవాళ్ళు. అది ఇంకా నిప్పులా మరుగుతుండగానే ఇంత పెద్ద గిన్నెల్లోకి పట్టి, పట్టాల మీద ఈడ్చుకెళ్ళి ఊరి చివర ఒంపేసేవాళ్ళు. ఒంపినప్పుడల్లా ఆకాశం ఎర్రబడేది. వీధిలో పిల్లలం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఒంపగా ఒంపగా గుట్ట పెరిగింది, పెరిగి పెరిగి అడివి వైపు నడిచింది. నాకు ఐదారేళ్ళున్నప్పుడు అడివి అంచు దాకా వచ్చేసింది.

ఆ సాయంత్రం నేనూ అమ్మతోనే ఉన్నాను. అమ్మ నెత్తి మీద పుల్లల మోపు. నా చేతిలో రెండు తునికిపళ్ళు. గుట్ట మీద బండి ఆగింది, గిన్నె ఒరిగింది. ఎర్రటి నిప్పు జారుకుంటూ వచ్చి ముందు వరస సాల్ చెట్ల మొదళ్ళలో పడింది. పచ్చి చెట్లు భగ్గున అంటుకున్నాయి. బండి పక్కన మెడకి ఎర్ర తువ్వాలు చుట్టుకుని నిలబడ్డది నాన్నే. అమ్మ గుర్తుపట్టింది. మోపు అక్కడే పడేసి నా రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చేసింది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. "నేను ఒంపకపోతే ఇంకోడు ఒంపీవోడే" అన్నాడు నాన్న. నిజమే. కానీ అమ్మకి కనపడ్డది ఇంకొకడు కాదు.

తర్వాత గుట్ట మిగతా అడివినీ మింగేసింది, మా ఇంట్లోకి మళ్ళీ రుగ్డా రాలేదు. శ్రావణమాసంలో వీధంతా ఆ మసాలా వాసనే. కొండవైపు ఊళ్ళ ఆడవాళ్ళు పర్సుడీహ్ సంతలో దోసిళ్ళతో కొలిచి అమ్మేవాళ్ళు. నాన్న కొని తెస్తానంటే అమ్మ తోక తొక్కిన పాములా లేచేది. "అడివిలో ఏరుకున్నదాన్ని, బజార్లో కొనుక్కుని తింటానేటి? నాకాపాటి సిగ్గు నేదనుకున్నావా?" పక్కింటావిడ గిన్నెతో పంపినా వెనక్కి పంపేసేది. నేనైతే రుగ్డా రుచి గుర్తులేకుండానే పెరిగాను.

డెబ్భైల నడుమ ఆ వైపు స్లాగ్ ఒంపడం ఆపేశారు. లారీలతో ఎర్రమట్టి తెచ్చి గుట్ట మీద పరిచారు. చెట్లు పెంచే పని ఒక కాంట్రాక్టరు తీసుకున్నాడు. అప్పటికి నాన్న ఊపిరితిత్తులు పాడైపోయాయి. నాలుగు అడుగులు వేస్తే పిల్లికూతలు. వేడి దగ్గర పనికి పనికిరావని తేల్చేశారు. ఇంట్లో కూర్చుంటాడనుకున్నాం. ఆయన తిన్నగా కాంట్రాక్టరు దగ్గరికి పోయి మొక్కలు నాటే పని అడిగి తెచ్చుకున్నాడు. "ఊపిరి పీల్చుకోడానికే లేదు, గునపం ఎత్తగలవా?" అని నేను అరిచాను. అమ్మ ఇంట్లో లేకుండా చూసి, గొంతు తగ్గించి నాతో అన్నాడు: "మీ అమ్మ అడివి మీ అమ్మకిచ్చీయాలమ్మీ."

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. చెప్పొద్దూ, ఏడుపూ వచ్చింది.

పైన బెత్తెడు మట్టి. దాని కింద అంతా చిట్టెమే. గునపం దిగితే నిప్పురవ్వలు లేచేవి. నాన్న ఒక గుంట తవ్వి కూర్చునేవాడు, దగ్గేవాడు, మళ్ళీ ఇంకో గుంట. ఆకాసియా మొక్కలు, సుబాబుల్, నీలగిరి. అంచుల్లో కానుగ. కాంట్రాక్టరు ఏ మొక్క ఇస్తే అది. ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకరు రాని రోజున నాన్న కావడితో నీళ్ళు మోసేవాడు. చిన్నపిల్లలకి పాలు పట్టినట్టు పట్టేవాడు నీళ్ళు, కొంచెం కొంచెంగా. ఆకాసియా ఎంత మొండి చెట్టంటే, ఆ చిట్టెంలోనూ లేచి నిలబడింది. నేను కాలేజీకొచ్చేసరికి కరెంటు స్తంభాల్ని మించిపోయాయి. మా సందు చివర నిలబడితే పొగలోంచి ఆకుపచ్చగా కనపడేది గుట్ట.

ఏడాదికోసారి వానలయ్యాక అమ్మని పైకి తీసుకెళ్ళేవాడు. అమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ, తిట్టుకుంటూ ఎక్కేది. చుట్టూ చూసేది. "బాగున్నాయి" అనేది, పరాయివాళ్ళ పెళ్ళికూతుర్ని చూసి అన్నట్టు. "అడివిలాగ నేదేటే?" అని అడిగేవాడు నాన్న. "సెట్లు మావా. సెట్లే" అనేది. దిగేటప్పుడు నాన్న చెయ్యి అందించేవాడు.

నేను బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరంలో ఉండగా మాకు చెట్ల పాఠాలు చెప్పే మేడమ్ తలా ఒక పని ఇచ్చింది. మా నాన్న ఆ గుట్ట మీద పని చేస్తాడని తెలిసి, నాకు గుట్టనే ఇచ్చింది. మనిషి పాడుచేసి మళ్ళీ పచ్చగా చేసిన నేల ఒకటి, మనిషి చెయ్యి పడని నేల ఒకటి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి, ఏది ఎంత ఉంది, ఏం తేడా. రెండోదానికి పర్సుడీహ్ దాటి బస్సులో పోతే వచ్చే కొండవార సాల్ అడివి చూపించింది. కొండ కింది ఊరివాళ్ళు ఎప్పటినుంచో అక్కడ గొడ్డలి పడనివ్వరు.

పద్ధతి చాలా సులువు. నాలుగు మేకులు పాతి, చుట్టూ పురికొస కట్టి, ఆ చదరంలో ఏమేం మొలిచిందో అన్నీ రాసుకోవాలి. నాన్న సంబరం చూడాలి అప్పుడు! "మన గుట్టకి పరీక్షా?" అని మేకులు తనే చెక్కాడు. గుట్ట మీదికీ వచ్చాడు, కొండకీ వచ్చాడు. దగ్గుతో ఎందుకు నాన్నా అంటే వినడే. అవతలివాడి అడివేపాటిదో తనూ చూడాలట.

గుట్ట మీద నా పని ఇట్టే అయిపోయింది. పురికొస లోపల రెండు ఆకాసియాలు. కింద దళసరిగా ఎండుటాకు. ఆ ఆకు కుళ్ళదు. ఏళ్ళ తరబడి అలాగే అట్టముక్కల్లా పడి ఉంటుంది. దాన్ని తోసి చూస్తే కింద గడ్డిపోచ లేదు, పురుగు లేదు. తవ్వితే బెత్తెడు లోతులో గాజుపెంకుల్లాంటి చిట్టెం. ఇంకో చోట కట్టాను. అక్కడా అంతే. మూడో చోట మూలన లాంటానా పొద ఒకటి. "ఎంత శుభ్రంగున్నాదో సూడు, కలుపనేది నేదు" అని నాన్న మురిసిపోయాడు. నేను పురికొస చుట్టేశాను.

కొండ దగ్గర సాయంత్రం బస్సు వేళ దాకా రాసినా ఒక్క చదరం పూర్తికాలేదు. పెద్ద సాల్ చెట్టు ఒకటి, దాని కింద ఎన్ని వయసుల సాల్ పిల్లలో! వాటి మధ్య పేర్లు తెలియని తీగలు, దుంపల మొక్కలు, వేలెడంత పువ్వులు, నాచు, చీమల బారులు, కర్ర తొలిచే పురుగులు. చనిపోయి పడిన కొమ్మ మీద కూడా ఏవేవో బతుకుతున్నాయి. నాకే సిగ్గేసింది, మూడేళ్ళు చదివి ఇందులో సగానికి పేరు చెప్పలేనని. నాన్న మొదట్లో గొప్పలు పోయాడు. "అన్నీ వంకర సెట్లే ఈళ్ళయి. మనాయి సూడు, ఎంత నిటారుగుంటాయో" అన్నాడు. కాసేపటికి ఆ మాటలు ఆగిపోయాయి. ఆకుల కిందికి చెయ్యి పోనిచ్చి గుప్పెడు మట్టి తీశాడు. నల్లగా, తడిగా, మెత్తగా ఉంది. వాసన చూశాడు. ఆ మట్టి జారిపోకుండా అలాగే పట్టుకుని చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు.

తిరుగు బస్సులో పర్సుడీహ్ దగ్గర జనం దిగాక అడిగాడు. "మరి మన గుట్టకెన్ని మార్కులమ్మీ?"

"మార్కులుండవు నాన్నా ఇందులో."

"అంటే తప్పినట్టేనా?"

"తప్పడం కాదు. టైమ్ పడుతుంది."

"ఎంత?"

నా నోటికి మెత్తగా మాట్లాడ్డం రాదు, అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. "నీ వయసూ నా వయసూ కలిపినా చాలదు" అన్నాను. నాన్న తలూపి కిటికీ వైపు తిరిగాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏటైనాది అని అడిగింది. నాన్న ఏం చెప్పాడో తెలుసా? "మనాయి పొడుగెక్కువ" అన్నాడు. అమ్మకి నవ్వాగలేదు. "పొడుగుదేటున్నాది మావా. నీ గుట్ట మీద రుగ్డా పుట్టనీ, అప్పుడు నేనే అంటాను అడివని" అంది. ఊరికే, చేట చెరుగుతూ అన్న మాట. అని మర్చిపోయింది కూడా. నాన్న మర్చిపోలేదు.

తర్వాతి వానాకాలం నుంచి ఉరుము వినపడితే చాలు, నాన్న కర్ర పట్టుకుని గుట్టెక్కేవాడు. ఆకులు తోసి తోసి వెతికేవాడు. నేను పోట్లాడాను. రుగ్డా సాల్ వేళ్ళని పట్టుకుని బతుకుతుంది, సాల్ లేని చోట పుట్టదు, చదువుకున్నదాన్ని చెబుతున్నాను కదా అన్నాను. కొండ నుంచి సాల్ పిల్లల్ని పీక్కొచ్చి నాటాడు. అన్నీ ఎండిపోయాయి. అయినా వెతకడం మానలేదు. "నేల నేలే, ఉరుము ఉరుమే, ఎందుకు పుట్టదో నానూ సూత్తాను" అనేవాడు. తడిసి వచ్చి రాత్రంతా దగ్గేవాడు. అమ్మ వీపు రాస్తూ తిట్టేది. ఎందుకు తడుస్తున్నాడో అమ్మకి తెలీదు. నాన్న నన్ను చెప్పనివ్వలేదు.

అప్పటికి నా చదువైపోయింది. ఊరికి అటువైపు కద్మాలో ఒకరింట్లో పిల్లలకి ట్యూషన్ చెబుతున్నాను. శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం నేను కద్మాలో ఉండగా మా ఇంట్లో జరిగింది ఇది. తర్వాత ఇద్దరూ వేర్వేరుగా చెబితే విన్నాను.

నాన్న తడిసి ముద్దై వచ్చాడట. తువ్వాలు మూట విప్పి గచ్చు మీద పోశాడట. గుండ్రంగా, గోలీకాయలకంటే కాస్త పెద్దవి. "ఒలే! సూడే! బేగి రాయే!" అని అరిచాడట. అమ్మ ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"తోలు పసుపచ్చగున్నాదేటి మావా?"

"కొత్త నేల కాదేటే మరి."

అమ్మ కత్తిపీట మీద రెండుగా కోసింది. లోపల ఊదారంగు కలిసిన నలుపు.

"లోపల ఇలాగ నల్లగున్నాదేటి?"

"చిట్టెం మీద పుట్టినాది. నలుపు రాకుండా ఉంటాదేటి?"

నాన్నకి అది ఎంత సబబుగా తోచిందో అమ్మకీ అంతే సబబుగా తోచింది. ఆ నేల రంగు వాళ్ళిద్దరికీ తెలుసు కదా. ఇంకెవరైనా అయితే పారేసేవాళ్ళు. అల్లం వెల్లుల్లి దట్టించి వండింది. నాన్నకి ఆ పూట ఆయాసం, గంజి తప్ప దిగలేదు. అమ్మ ఎదురుగా కూర్చుని ఆవిడ తింటుంటే చూశాడు. అమ్మ కళ్ళు మూసుకుని నమిలిందట. ఇంకో ముద్ద కలుపుకుంది. "అడివే మావా" అంది. "నీ గుట్ట అడివే."

నాన్న తువ్వాలుతో మొహం కప్పుకున్నాడట. ఏడ్చాడని అమ్మ అంది, చెమట పట్టిందని ఆయన అన్నాడు.

నేను వచ్చేసరికి అమ్మ తూము దగ్గర కూర్చుని కక్కుతోంది. చీరంతా చెమటతో తడిసిపోయింది. కళ్ళు తిరిగిపోతున్నాయంటోంది. గిన్నెలో మిగిలింది చూడగానే అది రుగ్డా కాదని నాకు అర్థమైంది. గిన్నె గిన్నెంతా తూములో పారేశాను. రిక్షా ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. నాన్న బయటే ఉండిపోయాడు. లోపల నేను డాక్టరుకి హిందీలో ఉన్నదున్నట్టు చెప్పాను, అడివి పుట్టగొడుగనుకుని వేరేదేదో తిన్నదని. సూదిమందు వేసి, సెలైన్ పెట్టి, ప్రాణానికేం భయం లేదన్నాడు.

తల ఎత్తలేని స్థితిలో అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీ నాన్నకి సెప్పకు. పాత నూనె అని సెప్తాను. నా మీద ఒట్టు."

"పిచ్చా నీకు? రేపు మళ్ళీ తెస్తాడు!"

"నాకు మొహం మొత్తినాది, ఇంక తేవద్దని నేనే సెప్తాను. వానలు ఆగితే అయ్యీ ఆగుతాయి. ఇన్నేళ్ళకి నవ్వినాడే ఆ మనిషి, నువ్వు సూడలేదు. సెప్పకే తల్లీ."

అలాగే చేసింది. బయటికొచ్చి నాన్నతో, డబ్బాలో అడుగునున్న పాత నూనె పోశాను, నాదే పాపం అంది. నాన్న మొహం ఎలా విప్పారిందో! పెళ్ళాం నిలబడలేకుండా ఉంటే ఇంత సంతోషం దేనికని రిక్షావాడు కూడా వింతగా చూశాడు. దారి పొడుగునా నూనె డబ్బాని తిట్టాడు. ఆ ఒట్టు మీద నాకు ఇప్పటికీ కోపమే.

మేడమ్‌కి తర్వాత గుట్ట మీద దొరికింది ఒకటి చూపించాను. రుగ్డాలాగే ఉండే ఇంకో జాతి అట. నీలగిరి, ఆకాసియా లాంటి చెట్ల వేళ్ళ దగ్గర పుడుతుందట. విషం. ఆ చెట్లకి తగ్గ తోడు అది, సాల్‌కి తగ్గ తోడు రుగ్డా, అంది.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే నాన్న గుట్ట మీదికని వెళ్ళాడు. పని లేని రోజు. మధ్యాహ్నం దాటినా రాలేదు. అమ్మ అన్నం వార్చి, ఉప్పు కోసం చెయ్యి చాచి ఆగిపోయింది. ఉప్పు డబ్బా లేదు. చిన్న మూకుడు లేదు. కారం పొట్లం లేదు. నా మొహం చూసింది. మోకాళ్ళ నొప్పి మనిషి, నాకంటే ముందు పట్టాలు దాటింది. గుట్ట ఎక్కుతూ "మావా! మావా!" అని అరుస్తుంటే నేను వెనకే పరిగెత్తాను.

మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద ఖాళీ మూకుడు. నాన్న ఒక ఆకాసియాకి ఆనుకుని కూర్చున్నాడు. బట్టలన్నీ పాడైపోయాయి. చెమటలు కారుతున్నాయి, ఊపిరి అందడం లేదు. అమ్మని చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. "అమ్మీ, నూనె కొత్తదే" అన్నాడు నాతో. "పొద్దున్నే కొన్నాను."

పెద్దాసుపత్రిలో చేర్చాం. విషం ఒకటి, ఆ ఊపిరితిత్తులు ఒకటి. చాలా రోజులు పట్టింది మాట వచ్చేసరికి. ఒక సాయంత్రం దిండు ఎత్తుగా పెట్టించుకుని కూర్చున్నాడు. అమ్మ స్టూలు మీద, నేను మంచం చివర. పక్క మంచాలవాళ్ళు రేడియో వింటున్నారు.

"నూనె కాదు గదా" అన్నాడు.

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"నీకు తెల్సు."

"తెల్సు మావా."

"మరెందుకు సెప్పలేదు?"

"నీ మొహం సూసి."

నాన్న దుప్పటి అంచు మడతలు పెట్టాడు. తర్వాత అడిగాడు. నేను ఊహించిన ప్రశ్నే, అడగకూడదని కోరుకున్న ప్రశ్నే. "ఆ రోజు తింటూ అడివే అన్నావు. అదీ నా మొహం సూసేనా?"

అవునంటే బాగుండును. ఇంకో అబద్ధం ఆడితే అమ్మ సొమ్మేం పోయింది అనుకున్నాను. అమ్మ ఆడలేదు.

"కాదు మావా. నిజంగానే అన్నాను. నోట్లో ఎట్టుకుంటే అదే రుచనిపించినాది, అదే వాసననిపించినాది. కక్కుకున్నాక గదా కాదని తెల్సినాది." అమ్మ స్టూలు మంచం దగ్గరికి జరుపుకుంది. "అదే నాకు బయ్యంగున్నాది. వాసన సూసి సెప్పీదాన్ని నేను. ఇసం నోట్లో ఎట్టుకుని అడివనుకున్నాను. కూకుని తలుసుకుందావంటే ఒక్క సెట్టు కళ్ళల్లోకి రాదు, నీ ఆకాసియాలే వత్తన్నాయి. నాకు అడివి మర్చిపోయినాది మావా."

నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. అమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసింది. అటు తిరిగే అన్నాడు, ఎవరినీ అడుగుతున్నట్టు కాదు:

"మరింక నేనెవురికి తిరిగిచ్చినట్టు?"